6, 7, 8 తరగతుల జీవశాస్త్రం పునశ్చరణ: పిల్లలూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మూడు తరగతులకు జీవశాస్త్రం చెప్పేవాళ్ళకి ఏటా అవే ప్రశ్నలు ఎదురవుతాయి, అవే పొరపాట్లు కనబడతాయి. తెలివి తక్కువై చేసే పొరపాట్లు కావు అవి. నిర్వచనం కంఠతా వచ్చి, దాని వెనకున్న పరిశీలన కంటపడకపోవడం వల్ల వచ్చేవి. పుస్తకంలో ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరు దేన్నో చూసి, కొలిచి, సరిచూసుకున్న సంగతి ఉంటుంది. పునశ్చరణ అంటే అక్కడిదాకా వెళ్ళడమని నా నమ్మకం. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

పునశ్చరణ ఏ పాఠంతో మొదలుపెట్టాలి?

మొక్క తన ఆహారం తాను తయారుచేసుకునే పాఠంతో, అంటే కిరణజన్య సంయోగక్రియతో. పుస్తకంలో అది ఎన్నో పాఠమైనా సరే, ముందు దాన్ని పట్టుకోండి. అది అర్థమైతే ఆకు, పత్రరంధ్రాలు, వేరు, నీటి రవాణా ఎందుకున్నాయో తెలుస్తుంది. మొక్కను తిన్న జంతువు సంగతికి వస్తే జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్తప్రసరణ వరసగా వచ్చేస్తాయి. ఎవరు ఎవరిని తింటారన్న ప్రశ్న ఆహార గొలుసు దగ్గరికి తీసుకెళ్తుంది. ఎనిమిది పాఠాలు విడివిడిగా చదివితే పట్టే సమయంలో సగం కూడా పట్టదు.

చదివే తీరు గురించి ఒక మాట. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. అది పరిచయమే తప్ప జ్ఞాపకం కాదు. ఒకసారి చదివి, పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా సొంత మాటల్లో రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చమనండి. మర్నాడు ఆ రంగులో ఉన్నవి మాత్రం చూసుకుంటే చాలు.

విత్తనం సజీవమా, నిర్జీవమా?

సజీవమే. కదలదు, పెరగదు, తినదు కదా అని పిల్లలు వాదిస్తారు. వాదించనివ్వాలి, మంచి ప్రశ్న అది. డబ్బాలో ఉన్న పెసలు కూడా చాలా నెమ్మదిగా శ్వాసిస్తూనే ఉంటాయి. లోపల పిండం ఉంటుంది, దానికి కావలసిన ఆహారం బీజదళాల్లో దాచి ఉంటుంది. నీరు, గాలి, తగిన వెచ్చదనం దొరికే వరకు అది సుప్తావస్థలో ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ళ నాటి ఖర్జూర విత్తనం 2005లో మొలకెత్తింది. వేయించిన పెసలు మాత్రం ఎన్నిరోజులు నానబెట్టినా మొలకెత్తవు. పచ్చివి కొన్ని, వేయించినవి కొన్ని పక్కపక్కన నానబెట్టి చూపిస్తే ఈ పాఠానికి వేరే వివరణ అక్కర్లేదు.

సజీవి లక్షణాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఏ ఒక్క లక్షణంతోనూ తేల్చకూడదు. మబ్బు కదులుతుంది, ఉప్పు స్ఫటికం పెరుగుతుంది. అన్నీ కలిపి చూడాలి.

కణం ప్రతి తరగతిలోనూ ఎందుకు వస్తుంది? దాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇంటికి ఇటుక ఎలాగో శరీరానికి కణం అలాగ అని చెప్తారు. ఆ పోలిక మొదటి రోజుకి పనికొస్తుంది, తర్వాత అడ్డొస్తుంది. ఇటుక తినదు, శ్వాసించదు, రెండుగా విడిపోదు. కణం ఇవన్నీ చేస్తుంది.

చరిత్రతో కలిపి చదివితే కణం భాగాలు తికమక పెట్టవు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, గదుల్లా కనబడినవాటికి కణాలని పేరు పెట్టాడు. ఆయన చూసింది చనిపోయిన కణాలను, అంటే ఖాళీ కణకవచాలను (కణం చుట్టూ ఉండే గట్టి గోడలను). లోపల కేంద్రకం ఉంటుందని 1831లో రాబర్ట్ బ్రౌన్ చెప్పేవరకు దానికి పేరే లేదు. మొక్కలన్నీ కణాలతోనే తయారయ్యాయని 1838లో ష్లైడెన్, జంతువులు కూడా అంతేనని 1839లో ష్వాన్ చెప్పారు. పాత కణాల నుంచే కొత్త కణాలు వస్తాయన్న మాట 1855లో విర్షో దగ్గర స్థిరపడింది. కణకవచం, కేంద్రకం, కణ సిద్ధాంతం, కణ విభజన: పాఠం నడిచే క్రమం కూడా ఇదే.

ఉల్లిపొర ప్రయోగం అన్ని బడుల్లోనూ చేస్తారు. పరీక్షలో అడిగేవాళ్ళు తక్కువైనా, అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఉల్లి మొక్కే కదా, మరి ఆ కణాల్లో పచ్చటి హరితరేణువులు ఎందుకు కనబడవు? ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది, దానికి వెలుతురు తగలదు, అక్కడ ఆహారం తయారుకాదు, నిల్వ మాత్రమే ఉంటుంది. మొక్క కణాలన్నిట్లోనూ హరితరేణువులు ఉంటాయని రాస్తే తప్పు. పచ్చటి భాగాల కణాల్లో ఉంటాయి. వేరులో ఉండవు.

బుగ్గ లోపలి నుంచి తీసిన కణాల్లో కణత్వచం (పల్చటి పొర) ఉంటుంది, కణకవచం ఉండదు. మొక్క కణానికి రెండూ ఉంటాయి. తేడాలు రాయమన్నప్పుడు ఈ ఒక్క వాక్యం తారుమారై మార్కులు పోగొట్టుకునే పిల్లలే ఎక్కువ.

మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయి. సరేనా?

సగం తప్పు. చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇలాగే నమ్ముతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొక్క 24 గంటలూ శ్వాసిస్తుంది. బతికున్న ప్రతి కణానికీ శక్తి కావాలి, శక్తి శ్వాసక్రియ వల్లే వస్తుంది. రాత్రయిందని మొదలుపెట్టి తెల్లారిందని ఆపేసే పని కాదది. పగలు దాంతోపాటు కిరణజన్య సంయోగక్రియ కూడా నడుస్తుంది, అదీ చాలా వేగంగా. శ్వాసక్రియలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్ అక్కడికక్కడే వాడుకోబడుతుంది. అందుకని పగలు బయటికి ఆక్సిజన్ వస్తున్నట్టు మాత్రమే మనకు తెలుస్తుంది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి శ్వాసక్రియ ఒక్కటే మిగులుతుంది.

దీంతో ముడిపడిన నమ్మకాలు రెండున్నాయి. రాత్రి చెట్టు కింద పడుకుంటే ఊపిరాడదన్నది ఒకటి. చెట్టు విడిచే కార్బన్ డయాక్సైడ్ ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. ఒకే గదిలో పక్కన పడుకున్న మనిషి విడిచేది, కుండీలో మొక్క విడిచేదానికంటే చాలా ఎక్కువ. రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందన్నది రెండోది. వెలుతురు లేకుండా ఏ మొక్కా ఆక్సిజన్ విడుదల చేయలేదు. కలబంద, బ్రహ్మజెముడు లాంటి కొన్ని మొక్కలు నీటిని పొదుపు చేసుకోవడానికి రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని దాచుకుంటాయి, అంతే. దాంతో ఆహారం తయారయ్యేది, ఆక్సిజన్ వచ్చేది మర్నాడు ఎండ వచ్చాకే. రావిచెట్టు మీద భక్తి ఉండటంలో తప్పులేదు. పరీక్షలో మాత్రం వెలుతురు కావాలనే రాయండి.

ఎరువు మొక్కకు ఆహారం కాదా?

కాదు. మొక్క ఆహారం పిండిపదార్థం. దాన్ని అది ఆకుల్లో నీరు, కార్బన్ డయాక్సైడ్, సూర్యకాంతి సాయంతో తయారుచేసుకుంటుంది. ఎరువులోని నత్రజని, భాస్వరం, పొటాష్ దానికి ఖనిజ పోషకాలు.

మొక్క మట్టిని తిని పెరుగుతుందనే జనం ఒకప్పుడు అనుకునేవారు. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 90 కిలోల ఎండు మట్టిలో 2 కిలోలు దాటిన విల్లో మొక్క ఒకటి నాటి, 5 ఏళ్ళపాటు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలైంది. మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. ఈ ప్రయోగం ఆయన చనిపోయాక 1648లో అచ్చయింది. చెట్టంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు, గాలి సంగతి ఆయనకు తట్టలేదు. తర్వాత ప్రీస్ట్లీ 1770లలో పుదీనా మొక్కతో, ఇంగెన్‌హౌజ్ 1779లో నీటి మొక్కలతో చేసిన ప్రయోగాల వల్ల గాలి, వెలుతురు పాత్ర తెలిసింది. పిల్లలకు ఈ కథ చెప్పి, హెల్మాంట్ ఎక్కడ పొరబడ్డాడో కనుక్కోమని అడగండి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తర్వాత వాళ్ళే రాస్తారు.

పప్పుజాతి మొక్కల ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. కంది, మినుము, పెసర, వేరుశనగ వేళ్ళ మీద చిన్నచిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునే రూపంలోకి మారుస్తుంది. కృష్ణా డెల్టాలో వరి కోయగానే మినుములు, పెసలు వేయడం పాత అలవాటు. వీలుంటే ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి చూపించండి. పూత దశలో బుడిపెను చిదిమితే లోపల గులాబీ రంగు కనబడుతుంది. అది పనిచేస్తున్న బుడిపె.

శ్వాసించడం, శ్వాసక్రియ ఒకటేనా?

కాదు. గాలి లోపలికి పీల్చి బయటికి వదలడం శ్వాసించడం. అది ఊపిరితిత్తుల పని. కణంలో ఆహారం నుంచి శక్తి విడుదల కావడం శ్వాసక్రియ. మొక్కకు ఊపిరితిత్తులు లేకపోయినా శ్వాసక్రియ ఉంటుంది.

పీల్చేది ఆక్సిజన్, వదిలేది కార్బన్ డయాక్సైడ్ అని రాసేవాళ్ళు ఎంతోమంది. మనం పీల్చేది గాలి. అందులో ఆక్సిజన్ సుమారు 21 శాతం. వదిలే గాలిలో కూడా ఇంకా 16 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం నుంచి 4 శాతానికి పెరుగుతుంది. ఊపిరాగినవారికి నోటితో ఊది ప్రాణం నిలపగలుగుతున్నామంటే మనం వదిలే గాలిలో అంత ఆక్సిజన్ మిగిలి ఉండబట్టే.

విడుదలైన శక్తిని కణం ఏటీపీ అనే పదార్థం రూపంలో వాడుకుంటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేస్తూ, సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. పరుగు పందెంలో మీ కాలి కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కడిదో చెప్పిన మనిషి మన గోదావరి జిల్లావాడని తెలిశాక ఆ పాఠం మర్చిపోయే పిల్లలు ఉంటారనుకోను. పుస్తకంలో ఆయన పేరు లేకపోయినా నేను చెప్పకుండా ఉండను.

జీర్ణక్రియ ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ పూర్తవుతుంది?

నోట్లో మొదలవుతుంది. చిన్నప్రేగులో పూర్తవుతుంది. జీర్ణాశయంలోనే అంతా జరుగుతుందని అనుకోవడం పొరపాటు. జీర్ణాశయంలో ముఖ్యంగా మాంసకృత్తుల జీర్ణం మొదలవుతుంది. చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. లోపలి గోడ మీదున్న వేలాది ఆంత్రచూషకాలు జీర్ణమైన ఆహారాన్ని రక్తంలోకి పీల్చుకుంటాయి. పెద్దప్రేగు పొడవు ఒకటిన్నర మీటర్లే. చిన్న, పెద్ద అన్నది లావును బట్టి వచ్చింది, పొడవును బట్టి కాదు.

నోట్లో మొదలవుతుందనడానికి రుజువు ఇంట్లోనే ఉంది. కూర కలపని అన్నం ముద్దను మింగకుండా బాగా నములుతూ ఉండండి. కాసేపటికి తీపి తెలుస్తుంది. లాలాజలంలోని ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తోంది. బడిలో అయోడిన్ ద్రావణం ఉంటే మామూలు అన్నం మీద ఒక చుక్క, నమిలిన అన్నం మీద ఒక చుక్క వేసి రంగులు పోల్చమనండి. నీలి-నలుపు ఎక్కడ తగ్గిందో అక్కడ పిండి తగ్గినట్టు.

లోపంవల్ల వచ్చే వ్యాధుల పట్టికలో ఫ్లోరోసిస్ రాయొచ్చా?

రాయకూడదు. స్కర్వీ, రేచీకటి, గాయిటర్ లాంటివి ఏదో ఒక పోషకం తక్కువై వస్తాయి. ఫ్లోరోసిస్ తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వస్తుంది. నల్గొండ ప్రాంతం తరతరాలుగా అనుభవించిన బాధ అది. ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన పిల్లలు అక్కడ ఉన్నారు. వాళ్ళకి ఈ పాఠాన్ని పట్టికలో ఒక గడిగా చెప్పి ఊరుకోవడం నాకు సరైన పనిగా అనిపించదు. భూగర్భంలోని రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి ఎలా చేరుతుందో, ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి నల్గొండ పేరే ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి.

సిరల్లో రక్తం నీలంగా ఉంటుందా?

ఉండదు. ఎక్కడున్నా ఎరుపే. ఆక్సిజన్ తక్కువున్న రక్తం ముదురు ఎరుపు. చర్మం గుండా వెలుతురు చేరి తిరిగొచ్చే తీరువల్ల చేతి మీద సిరలు నీలంగా కనబడతాయి. పుస్తకంలో నీలం రంగు వేసేది గుర్తుపట్టడానికే.

ధమనిలో ఎప్పుడూ మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని కూడా రాయకండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ధమని, గుండెకు తెచ్చేది సిర. అదే నిర్వచనం. పుపుస ధమని ఊపిరితిత్తులకు తీసుకెళ్ళేది ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్నే. చెడు రక్తం అన్న మాటే నాకు నచ్చదు. అందులో చెడు ఏమీ లేదు.

రక్తం ఒకే దారిలో తిరుగుతుందని 1628లో విలియం హార్వే చూపించాడు. మోచేతి పైన గుడ్డ కట్టి, ఉబ్బిన సిరను వేలితో నొక్కి, రక్తం గుండె వైపే కదులుతుందని, కవాటాలు వెనక్కి పోనివ్వవని తేల్చాడు. మనం మణికట్టు దగ్గర నాడి చూసుకుంటే చాలు. కూర్చున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో, మెట్లెక్కి దిగాక ఎన్నిసార్లో రాసుకోండి. ఎందుకు పెరిగిందో చెప్పాలంటే శ్వాసక్రియ పాఠం మళ్ళీ గుర్తుచేసుకోవాల్సిందే.

టమాటా పండా, కూరగాయా?

శాస్త్రం దృష్టిలో ఫలం. పువ్వులోని అండాశయం పెరిగితే ఫలం, అందులోని అండాలు విత్తనాలు. ఈ లెక్కన వంకాయ, బెండకాయ, సొరకాయ, మిరపకాయ అన్నీ ఫలాలే. కూరగాయ అన్నది వంటింటి లెక్క.

జీడిమామిడి ఇంకా ఆసక్తికరం. పలాస వైపు తోటల్లో వేలాడే ఎర్రటి, పసుప్పచ్చటి పండు నిజానికి ఉబ్బిన పూకాడ. అసలు ఫలం దాని కింద అతుక్కున్న జీడిపిక్క. మేడిపండు విప్పితే పురుగులుంటాయని తెలుగువాళ్ళందరికీ తెలుసు. అది ఒక పండు కాదు, లోపలి వైపు తిరిగిన వందలాది చిన్న పువ్వుల గుత్తి. ఆ పురుగుల్లో చాలావరకు చిన్న కందిరీగలు. గుడ్లు పెట్టడానికి లోపలికి దూరి పరాగ సంపర్కం చేస్తాయి. అవి లేకపోతే మేడిచెట్టుకు విత్తనాలే లేవు.

పువ్వు భాగాలకు మందారం వాడండి, పెద్దగా స్పష్టంగా ఉంటుంది. ఉమ్మెత్త కూడా బాగుంటుంది కానీ విషపు మొక్క, చేతులు కడుక్కోవడం మర్చిపోకూడదు.

సాలీడు, గబ్బిలం, తిమింగలం విషయంలో తికమక పోవాలంటే?

ఆకారాన్ని వదిలేసి లక్షణం చూడాలి. కీటకానికి 6 కాళ్ళు. సాలీడుకు 8, కనుక కీటకం కాదు. గబ్బిలం పిల్లల్ని కని వాటికి పాలు ఇస్తుంది, తిమింగలం కూడా అంతే. రెండూ క్షీరదాలు.

సూక్ష్మజీవులంటే రోగాలేనా?

కాదు. పెరుగు తోడుకునేది, ఇడ్లీ పిండి పులిసేది, పెంట ఎరువుగా మారేది వాటివల్లే. రోగం తెచ్చేవి కొన్నే.

ఆ కొన్నిటి గురించి చదివేటప్పుడు రోగకారకానికీ వాహకానికీ తేడా పట్టుకోవాలి. మలేరియాకు కారణం దోమ అని రాస్తే సరిపోదు. కారణం ప్లాస్మోడియం అనే ప్రోటోజోవా పరాన్నజీవి. దాన్ని మోసుకొచ్చేది ఆడ అనాఫిలిస్ దోమ. ఈ సంగతి తేలింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు కోసి చూస్తే ఆ పరాన్నజీవి కనబడింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. హైదరాబాద్ పిల్లలకు అది ఒక మధ్యాహ్నం వెళ్ళొచ్చేంత దూరం.

వైరస్‌ల మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. జలుబుకు యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కునే ఇళ్ళలో ఈ వాక్యాన్ని పిల్లలే పెద్దవాళ్ళకు చెప్పాలి.

ఆహార గొలుసులో బాణం గుర్తు ఎటు వైపు?

తినబడేదాని నుంచి తినేదాని వైపు. బాణం శక్తి వెళ్ళే దారిని చూపిస్తుంది. పాము ఎలుకను తింటుంది కాబట్టి పాము నుంచి ఎలుకకు బాణం వేయాలనుకుంటారు. అలా వేస్తే పాము శక్తి ఎలుకకు పోయినట్టు అవుతుంది.

గడ్డి, జింక, పులి అని అందరూ ఒకే గొలుసు రాస్తారు. పులిని చూసిన పిల్లలు ఎందరు? వరిపొలాన్ని తీసుకోండి. వరి, ఎలుక, జెర్రిపోతు, గద్ద ఒక గొలుసు. వరి, సుడిదోమ (వరి రసం పీల్చే చిన్న పురుగు), సాలీడు, కప్ప, పాము ఇంకొకటి. రెండూ కలిపి గీస్తే ఆహార వల వస్తుంది. ఇప్పుడు అందులోంచి సాలీడును చెరిపేసి ఏమవుతుందో అడగండి. ఇది ఊహ కాదు, పొలంలో జరిగేదే. విచక్షణ లేకుండా పురుగుమందు కొడితే సాలీళ్ళు చస్తాయి, సుడిదోమ ఇంకా పెరుగుతుంది. కప్పను చెరిపేసినా అంతే. కప్ప కాళ్ళను మన దేశం విదేశాలకు ఎగుమతి చేసేది. కప్పలు తగ్గిపోతే పంట పురుగులు పెరుగుతాయన్న ఆందోళన మధ్య 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరేది శక్తిలో పదో వంతు దగ్గర్లోనే. మిగతాది ఆ జీవి బతకడానికి ఖర్చవుతుంది, వేడిగా పోతుంది. ఎలుకలు వేలల్లో ఉండి గద్దలు రెండు మూడే ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. చనిపోయినవాటిని కుళ్ళబెట్టే విచ్ఛిన్నకారులను గొలుసు చివర ఒక్క చోట మాత్రమే గీయకండి. ప్రతి మెట్టు నుంచీ వాటికి దారి ఉంటుంది.

అవసరాన్నిబట్టి జీవులు తమను మార్చుకుంటాయా?

అలా రాయకూడదు. నీళ్ళు లేవు కాబట్టి బ్రహ్మజెముడు ఆకుల్ని ముళ్ళుగా మార్చుకుంది అన్న వాక్యం పిల్లల కాగితాల్లో తప్పక కనబడుతుంది. మొక్క నిర్ణయం తీసుకోదు. ఒకే జాతిలో పుట్టుకతోనే చిన్న తేడాలుంటాయి. ఆ చోటికి సరిపోయే తేడా ఉన్నవి ఎక్కువగా బతికి, ఎక్కువ సంతానాన్ని వదిలిపెడతాయి. ఎన్నో తరాల తర్వాత ఆ లక్షణం జాతి అంతటా కనబడుతుంది.

మంచి ఉదాహరణ కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు. అక్కడి బురదలో గాలి దాదాపు ఉండదు. వేరుకు కూడా శ్వాసక్రియ తప్పదు కదా. అందుకే కొన్ని మడచెట్ల వేర్లు బురదలోంచి నిటారుగా పైకి పొడుచుకొస్తాయి, వాటి రంధ్రాల గుండా గాలి లోపలికి చేరుతుంది. కుండీలో మొక్కకు మరీ ఎక్కువ నీళ్ళు పోస్తే కుళ్ళిపోవడానికి కారణం కూడా వేళ్ళకు గాలి అందకపోవడమే.

కౌమార దశ, ప్రత్యుత్పత్తి పాఠాలు ఇంట్లో ఎలా చదివించాలి? మాకు ఇబ్బందిగా ఉంటుంది.

ఇబ్బంది నిజమే. అయినా వదిలేయకండి, బడిలో వదిలేస్తుంటే అడగండి. ఆ వయసు పిల్లల ఒంట్లో ఆ మార్పులు జరుగుతున్నప్పుడే ఈ పాఠం వస్తుంది. మనం చెప్పకపోతే ఫోన్ చెప్తుంది, తప్పుగా చెప్తుంది. నెలసరి రోగం కాదు, మైల కాదు. గర్భాశయం లోపలి పొర బయటికి పోవడం. గొంతు మారడం, మొటిమలు రావడం హార్మోన్ల పని. ఇంత మామూలుగా చెప్తే చాలు, పిల్లలు వింటారు.

ఈ పాఠంలో ఒక వాక్యం మీద మాత్రం నేను ఎంతసేపైనా ఆగుతాను. పుట్టే బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి. మనిషి కణంలో 23 జతల క్రోమోజోములుంటాయి. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ ఉంటుంది. తండ్రి శుక్రకణంలో ఎక్స్ ఉంటే ఆడపిల్ల, వై ఉంటే మగపిల్లవాడు. తండ్రి కూడా ఎంచుకునేది కాదది. ఆడపిల్లల్ని కన్నదని కోడల్ని సాధించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లలు నా తరగతిలో కూర్చుని ఉంటారు. వాళ్ళు ఈ బొమ్మ గీసి ఇంటికి తీసుకెళ్ళాలని నా కోరిక.

బొమ్మలకు మార్కులు పోతున్నాయి. ఏం చేయాలి?

అందం అక్కర్లేదు. పెన్సిల్‌తో ఒకే గీత, భాగాల నిష్పత్తి సరిగ్గా ఉండటం, పేర్లన్నీ ఒకే పక్కన రాయడం, చూపించే గీత భాగాన్ని తాకడం. గుండె బొమ్మలో మన ఎడమ వైపు కనబడేది ఆ మనిషికి కుడి వైపు. దీన్ని మర్చిపోయి జఠరికల (గుండె కింది గదుల) పేర్లు తారుమారు చేస్తారు.

పరీక్షకు వారమే ఉంది. అన్నీ చదవలేం కదా?

కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, కణం, ఆహార గొలుసు. ఈ నాలుగూ బాగా రావాలి. తర్వాత జీర్ణవ్యవస్థ, గుండె బొమ్మలు రోజుకొకసారి చూడకుండా గీయాలి. కొత్త గైడు కొనొద్దు.

మా బడిలో సూక్ష్మదర్శిని లేదు, ప్రయోగశాల లేదు. అప్పుడెలా?

చేయగలిగినవి చాలా ఉన్నాయి. బయట ఉన్న మొక్క కొమ్మకు పొడి పాలిథిన్ సంచి కట్టి, రెండు గంటల తర్వాత లోపల చేరిన నీటి బిందువులు చూడండి, అది బాష్పోత్సేకం, అంటే ఆకులు నీటిని ఆవిరిగా వదలడం. ఎర్ర సిరా కలిపిన నీళ్ళలో తెల్ల చామంతి కాడను ఉంచితే రేకుల్లోకి ఎరుపు ఎక్కుతుంది, నీటిని పైకి మోసే దారువు ఎక్కడుందో తెలుస్తుంది. కాడను అడ్డంగా కోస్తే ఎర్రటి చుక్కలు కనబడతాయి. తడిపిన రొట్టెముక్కను మూతపెట్టి ఉంచితే కొద్దిరోజుల్లో బూజు వస్తుంది. దాన్ని వాసన చూడకండి, చూశాక మూత తీయకుండానే పారేయండి. వర్షాకాలంలో గుంటలోంచి తోకకప్పల్ని ఆ నీటితోనే సీసాలో తెచ్చి కాళ్ళు వచ్చేదాకా చూసి, మళ్ళీ అదే గుంటలో వదిలిపెట్టండి. వెనక కాళ్ళు ముందొస్తాయో, ముందు కాళ్ళు ముందొస్తాయో పుస్తకం చూడకుండా చెప్పమని పిల్లల్ని అడగండి.

ఆకులో పిండిపదార్థ పరీక్ష మాత్రం ఇంట్లో వద్దు. ఆల్కహాల్‌ను నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. అది టీచర్ పక్కనుండగా, వేడినీటి గిన్నెలో ఉంచి చేయవలసిన పని.